చెట్టెక్కే ముందు వేసే కేక

సుమ్మాదేవి స్టేషనులో దిగి తూర్పుగా నాలుగు మైళ్లు నడిస్తే నీలాద్రిగడ కోట వస్తుంది. కోట అన్నది మర్యాదకు అనే మాట. ఒక సింహద్వారం, వెల్ల వేసి పాతికేళ్లయిన రెండంతస్తుల మేడ, దాని వెనక ఎత్తైన గోడల మధ్య రాణివాసం, చుట్టూ పదెకరాల తోట. జమీలు రద్దయ్యాక ఏనుగు పోయింది, బంట్లు పోయారు, కొన్నాళ్లకు రాజావారూ పోయారు. ఘోషా మాత్రం మిగిలింది. దాన్ని రద్దు చెయ్యాలని ప్రభుత్వానికి తోచలేదు.

ఆ ఘోషాను కాపాడే భారం నాలుగు తరాలుగా సింహాద్రి వంశం మీద ఉంది. వాళ్ల పని కొబ్బరికాయలు దింపడం. తోటలో ఏ చెట్టెక్కినా రాణివాసపు ముంగిలి అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది. అందుకని ఎక్కబోయేవాడు చెట్టు మొదట్లో నిలబడి మూడుసార్లు కేక వెయ్యాలి.

"సెట్టెక్కతన్నామో! తప్పుకోండో!"

లోపల ఆడవాళ్లంతా గదుల్లోకి వెళ్లాక దాసీ "ఎక్కు!" అంటుంది. అప్పుడు ఎక్కాలి. ఎక్కినవాడి ముఖం సముద్రం వైపే ఉండాలి. ఈ నియమం ఏ కాగితం మీదా లేదు. కాగితం మీద ఉన్నవాటికి తర్వాత ఏం గతి పట్టిందో చూస్తే, లేకపోవడమే మంచిదయింది.

సింహాద్రి పద్నాలుగో ఏట కేక మొదలుపెట్టాడు. తొంభైతొమ్మిది అక్టోబరు తుఫానుకు ఉద్దానమంతా కొబ్బరి, జీడి నేలకొరిగినప్పుడు దివాణం తోటలో నూటయాభై చెట్లకు పదకొండు నిలిచాయి. అప్పటికి రాణివాసంలో మిగిలినవాళ్లు ఇద్దరు. రాణి కామేశ్వరమ్మగారు, ఆమె దాసీ వరహాలు. పదకొండు చెట్లకూ, ఇద్దరు మనుషులకూ కూడా కేక మూడుసార్లే.

రెండువేల ఒకటి వేసవిలో వరహాలుకు జబ్బు చేసింది. కూతురొచ్చి డొంకూరు తీసుకుపోయింది. అక్కడే పోయింది. సింహాద్రి వెళ్లి పాడె మోసి వచ్చి, రాణివాసం తలుపు బయట నిలబడి ఆ కబురు చెప్పాడు. నాలుగోనాడు తోటకు వచ్చి, ఇక జవాబెవరిస్తారో తెలియక, అలవాటు కొద్దీ కేక వేశాడు.

"ఎక్కు!" అంది వరహాలు గొంతు.

సింహాద్రి చెట్టును కావలించుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. దెయ్యమే అనుకున్నాడు. ఇంతలో లోపల్నుంచి పొడి దగ్గు వినిపించింది. ఆ దగ్గు రాణీగారిదని ముప్పై ఏళ్లుగా అతనికి తెలుసు. రాణీగారి మాట పరాయి మగవాడి చెవిన పడకూడదు, దాసీ మాట పడవచ్చు. కాబట్టి రాణీగారే దాసీ అయ్యారు. సింహాద్రి ఈ ఏర్పాటులో తప్పేమీ కనిపించక చెట్టెక్కాడు.

రెండేళ్లు అలా గడిచాయి. కూరానారా తెచ్చి తోట తలుపు దగ్గర పెట్టి, "వరహాలప్పా, మోకాలు ఎలాగున్నాది?" అని పలకరించేవాడు. తలుపు వెనక నుంచి, "అలాగే ఉంది సింహాద్రీ, ఏం చేస్తాం" అని జవాబొచ్చేది. బతికుండగా వరహాలు అతన్ని ఎప్పుడూ 'ఓరి గుంటడా' అనే పిలిచింది. పోయాక మర్యాద నేర్చుకుంది.

ఈ సంగతి బయటపడకూడదు. రాణీగారి అక్క కొడుకు మన్మథరావు టెక్కలి రాజకీయాల్లో పేరున్న మనిషి. "వరహాలు ఉంది గనక ఊరుకుంటన్నాను. అది లేన్నాడు పిన్నిని టెక్కలి తీసుకుపోతాను" అని నలుగురిలో చెప్పి ఉన్నాడు. చెడ్డవాడు కాడు. అతనికి పిన్ని మీద ప్రేమ ఉంది. కోట స్థలంలో కల్యాణ మండపం కట్టాలన్న ఆలోచన మీద కూడా ప్రేమే ఉంది. రాణీగారికి మాత్రం టెక్కలి అంటే పరాయి ఇంట్లో ఒక వెనకగది.

రెండువేల మూడు మాఘమాసంలో ఒక ఉదయం మన్మథరావు జీపు వచ్చి తోటలో ఆగింది. వరహాలు చనిపోయిందని ఇచ్ఛాపురంలో ఎవరో అన్నారట. నేరుగా తలుపు దగ్గరకెళ్లి కొట్టాడు.

"అమ్మగారు పూజలో ఉన్నారు బాబూ" అంది వరహాలు గొంతు.

"నువ్వే ఒకసారి బయటికి రా వరహాలూ. సూసి సేన్నాళ్లయింది."

"జ్వరంగా ఉంది బాబూ."

మన్మథరావు పన్నెండో ఏడు దాటాక ఆ గడప తొక్కలేదు. తలుపు బద్దలుకొట్టి రాణివాసంలో దూరాడన్న పేరు ఎన్నికలకు పనికిరాదు. చుట్టూ చూశాడు. చెట్టు కింద తాడు పేనుకుంటూ సింహాద్రి కనిపించాడు.

"ఓరి సింహాద్రీ, సెట్టెక్కు. ముంగిట్లోకొచ్చీదాకా ఉండి, ఒకరున్నారో, ఇద్దరున్నారో సూసి సెప్పు. ఇద్దరంటే ఇప్పుడే ఎల్లిపోతాను."

"మేం అటు సూడకూడదు బాబూ."

"నేను సెప్తన్నాను కదా."

"మీకంటే ముందు మా తాత సెప్పీసినాడు బాబూ."

"నీ తాతతో నేను మాటాడుకుంటాన్లే. ఎక్కు!"

అరవై ఏళ్లలో సింహాద్రి అబద్ధమాడలేదని కాదు. చెట్టు మీద నుంచి ఆడలేదు. ఇద్దరంటే అబద్ధం, ఒకరంటే రాణీగారి ప్రయాణం. లేచి మూడు కేకలు వేశాడు. లోపల్నుంచి "ఎక్కు" అన్న మాట ఎప్పటికంటే సన్నగా వచ్చింది. ఎక్కి, మట్టల మధ్య కూర్చుని, సముద్రం వైపు ముఖం పెట్టాడు.

"ఏటి కనబడతంది?"

"సముద్రం బాబూ."

"ఇటు తిరగరా!"

"తెరసాప ఏసి పడవొకటి ఎల్తంది బాబూ."

ఇలా గంట గడిచింది. ఎండ నడినెత్తికొచ్చింది. సింహాద్రి కాళ్లు వణకడం కిందికి కూడా తెలుస్తోంది. ముందు ఎండుమట్ట ఒకటి రాలింది, తర్వాత అతని చేతి కత్తి జారి నేలలో దిగబడింది. మన్మథరావు చెట్టు దగ్గరకు పరుగెత్తాడు.

"దిగరా నాయనా, పడి సస్తావు!"

"దిగితే అడుగుతారు గదా బాబూ."

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది. తెల్లచీర కట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి, ముసుగు లేకుండా, గడప దాటి ఎండలోకి వచ్చింది. జీపు దగ్గరున్న డ్రైవరు ఎవరూ చెప్పకుండానే గోడ వైపు తిరిగిపోయాడు.

"సింహాద్రీ, దిగు" అన్నారు కామేశ్వరమ్మగారు, సొంత గొంతుతో. తర్వాత మన్మథరావును చూశారు. "వరహాలు పోయి రెండేళ్లయింది. ఇంతసేపూ నీతో మాట్లాడింది నేనే."

మన్మథరావు తలదించుకున్నాడు. "మరింక టెక్కలి వొచ్చీ పిన్నీ. గుమ్మం దాటవు, మగోడితో మాటాడవు. ఒక్కర్తివీ ఎలా బతుకుతావు?"

"గుమ్మం దాటాను కదా. మాట్లాడుతున్నాను కదా." ఆమె జీపు వైపు తిరిగారు. "బాబూ, నీ పేరేమిటి?"

"లోకనాథ్ అమ్మగారూ" అన్నాడు డ్రైవరు గోడతో.

"ఇటు తిరుగు లోకనాథ్. లోపల కుండలో నీళ్లున్నాయి. ముందు సింహాద్రికి ఇచ్చి, తర్వాత మీ బాబుకివ్వు."

మన్మథరావు ఎన్నో తగవులు తీర్చిన మనిషి. ఇది తీరిపోయిన తగవని తెలుసుకుని ఆ నీళ్లు తాగాడు. ఆదివారం ఆదివారం వచ్చి చూసిపోతానన్నాడు. "ముందు తలుపు నుంచి రా" అన్నారామె.

జీపు వెళ్లాక ఆమె తోట చూపించమన్నారు. పద్నాలుగో ఏట మూసిన మేనాలో వచ్చిన మనిషి. సింహాద్రి నాలుగడుగులు వెనకగా నడవబోయాడు. దారి తెలియదని ఆమె అతన్నే ముందు నడవమన్నారు. చెట్లు తక్కువ, మోళ్లు ఎక్కువ. ఇది గంగాబొండం కొబ్బరి, ఇది సంపెంగ, ఇక్కడ పనస, తుఫానుకు పోయింది, ఇదీ పోయింది, అని చెప్పుకుంటూ వెళ్లాడు. ప్రతి మోడు దగ్గరా ఆమె ఆగి, ఎవరినో పరిచయం చేసినట్టు తల ఊపారు. సింహద్వారం దగ్గర వెనక్కి తిరిగి మేడను మొదటిసారి ఎదురుగా చూశారు.

"ఇంత చిన్నదా?"

"పెద్దదేనమ్మగోరూ. దూరాన్నుంచి సూత్తన్నారు గదా, అందుకని."

ఆమె ద్వారం అరుగు మీద కూర్చున్నారు.

"వరహాలు పోయినప్పుడు నేను ఏడవనైనా లేదు సింహాద్రీ. ఏడిస్తే ఎందుకని అడుగుతారు. నాలుగోనాటికి దాని గొంతుతో నీకు జవాబు చెప్పాలి."

సింహాద్రి అరుగు కింద నేల మీద కూర్చున్నాడు.

"దాని కూతురు డొంకూరులోనే ఉందా?"

"ఉన్నాదమ్మా."

"రేపు తీసుకెళ్లు. పలకరించి రావాలి. రెండేళ్ల తర్వాత వెళ్తే ఏమనుకుంటుందో."

"ఆలీసమైనాది గానీ, ఏటీ అనుకోదమ్మా."

కామేశ్వరమ్మగారు చేతులు చూసుకున్నారు. చావింటికి దివాణం నుంచి మనిషిని పంపడమే గాని, స్వయంగా వెళ్లిన వాడుక లేదు.

"అక్కడికెళ్లి ఏమనాలి?"

"ఏటీ అనక్కర్నేదమ్మగోరూ" అన్నాడు సింహాద్రి. "కూకోవాల, అంతే."