పుల్ల సార్ చేతివాటం

పుల్ల సార్‌కి ఉన్నది ఒక్కటే రోగం: ఎదుటివాళ్ళ ఈస్టు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. రొట్టెల పిండిని పొంగించే ఆ సూక్ష్మజీవిని పెంచే ల్యాబులో ఎవరి ప్లేటు మూత తెరిచి ఉన్నా సరే, పళ్ళు కుట్టుకునే పుల్లతో ఇంత గీకి, చిన్న గొట్టంలో ముంచుకుని జారుకుంటాడు. నిలదీస్తే, "పుల్ల ఉడకబెట్టిందేనమ్మా, భయపడకు" అంటాడు. దొంగతనానికి కాదు, శుభ్రతకి సంజాయిషీ!

సొంతంగా ఆయన వృద్ధిలోకి తెచ్చిన ఈస్టు ఒక్కటీ లేదు. ఉపన్యాసాలకి మాత్రం కొదవలేదు. పాతవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు గానీ, కొత్తగా చేరిన అమ్మాయికి ఒళ్ళు మండేది. కంటిచూపుకి మేలుచేసే క్యారెట్ రంగుపదార్థాన్ని ఈస్టు చేత తయారు చేయించాలని ఆమె కిందామీదా పడుతోంది. రంగు ఎంత చిక్కబడితే సరుకు అంత ఉన్నట్టు. చివరికి మంచి నారింజరంగు తేలింది. ఆ రోజే పుల్ల దిగింది.

"సార్! అది నాది!"

"నీదేనమ్మా. కాదన్నానా?" అంటూనే గీక్కుపోయాడు.

వచ్చే వారం ఆ ఈస్టు చూపించకపోతే ఉద్యోగం ఉండదని డైరెక్టర్ ముందే చెప్పాడు. ఆ హడావిడిలో అమ్మాయి ఘనకార్యం చేసింది. పారేసే ప్లేట్లతో కలిపి తన నారింజ ప్లేట్లన్నీ, క్రిముల్ని ఉడికించి చంపే ఆవిరి యంత్రంలో పెట్టి, స్వహస్తాలతో మీట నొక్కింది. ఫ్రీజర్‌లో కొంత దాచిందా అంటే, రేపు దాద్దాంలే అనుకుంది.

ఏడ్చి ఏడ్చి, సిగ్గు విడిచి, పుల్ల సార్ ఇంటి తలుపు తట్టింది. ఆయన భార్య తీసింది.

"నువ్వూ ఉడకబెట్టేశావా? రా తల్లీ. మా ఫ్రిజ్‌లో పాలకి చోటు లేదు గానీ, ఈ గొట్టాలకి రాజభోగం."

"ఇంకెవరైనా వచ్చారా ఆంటీ?"

"రానివాళ్ళెవరు? మీ డైరెక్టర్ కుర్రతనంలో ఇదే గుమ్మంలో ముక్కు చీదాడు."

లోపల్నుంచి పుల్ల సార్ గొంతు వినిపించింది. "నేను ఇవ్వను! దొంగసొత్తు తిరిగిచ్చేస్తే ఇక నా పరువేం కావాలి? స్నానానికి పోతున్నా. ఫ్రిజ్‌కి తాళం లేదు. నారింజది పాలగిన్నె వెనకాల ఉంది. పుల్ల పక్కనే పెట్టాను, ఉడకబెట్టిందే!"

ఉద్యోగం నిలబడింది. కొన్నాళ్ళకి మరింత చిక్కటి రంగు తేలినప్పుడు, పుల్ల సార్ రావడం చూసి, అమ్మాయి తనే ప్లేటు మూత తీసి, చూడనట్టు అటు తిరిగి నిలబడింది.

"మూత అలా బార్లా తెరుస్తావేం? గాలి సోకితే పాడైపోదూ!" అని నలుగురిలో చీవాట్లు పెట్టి, పుల్ల సార్ గీక్కుని పోయాడు.