కడియానికి తగిన రంపం

పోలీసు యాక్షన్ అయిన తర్వాతి చలికాలం మేము మెదక్‌లో కిరాయి ఇంట్లో ఉన్నాం. చేగుంట వైపున్న మా దొరల గడిని కమ్యూనిస్టు సంగం వాళ్ల భయానికి ఒకసారి, రజాకార్ల భయానికి మరోసారి వదిలి, చివరకు పెద్ద తాళం వేసి వచ్చేశాం. తాళం వేశాక లోపల ఏం మిగిలిందో ఊరివాళ్లకే తెలియాలి. నాతో మెదక్‌కు వచ్చినవి మూడు: మా నాయనమ్మ, మా చిన్నాయన, నా పనిముట్ల పెట్టె. వాటిలో విలువైనవి రెండే అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

చిన్నాయన అంతకు ముందు ఏడాది రూమీ టోపీ పెట్టుకుని తిరిగాడు. ఇప్పుడు కాంగ్రెసు తెల్లటోపీ పెట్టాడు. టోపీ కింద తల మాత్రం మారలేదు. వెనక కొట్టంలో బల్ల వేసుకుని నేను తాళాలు, గడియారాలు బాగుచేసుకుంటుంటే "కమ్మరోని పని" అనేవాడు. ఆ మాట కూడా నా బల్ల పక్కనే నిలబడి, తన గడియారం మళ్లీ నడిచేదాకా అనేవాడు.

ఆ చలిలోనే నాయనమ్మ కుడికాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది. పాదం కుండలా వాచి, వెండి కడియం మాంసంలోకి దిగిపోయింది. కాలి వేళ్లు నల్లబడసాగాయి. మిషన్ దవాఖాన నుంచి నర్సమ్మ ఇంటికి వచ్చి చూసింది.

"అమ్మా, కడియం ఇయ్యాలనే తియ్యాలె. లేకుంటే రేపు పాదమే తియ్యవలసొస్తది. అవుసలాయనను పిలిపియ్యిండ్రి."

"పరాయి మొగోడు నా కాలు ముట్టుడా? చచ్చినంక ముట్టుమను" అంది నాయనమ్మ.

మా ఇంట్లో కోడలికి తొలి కొడుకు పుట్టాక కడియాలు తొడిగేవారు. అవుసలాయన, అంటే కంసాలి, తెర ఇవతల కూర్చునేవాడు. తెర కింద నుంచి పాదం ఒక్కటే బయటికి వచ్చేది. కడియం అంచులు కలిపి కొట్టేసిన తర్వాత మళ్లీ తీసేది పాడె కట్టే రోజునే. నర్సమ్మ ఆ సంగతి విని, ఇప్పుడూ తెర కడదామంది.

"ఆ అవుసలాయన మా ఇంటి మనిషి. ఆయన పోయిండు. నా మనుమడు కోస్తడు" అంది నాయనమ్మ. అంతటితో మాట అయిపోయింది.

నేను పనిముట్లు వెతుక్కునేలోగా చిన్నాయన బజారుకు పోయి రంపం తెచ్చాడు. దాని పొడవు, దాని పళ్లు చూస్తే గడి గేటు కోయడానికి తెచ్చాడనిపించింది.

"గంత పెద్దది దేనికి చిన్నాయనా?"

"మన కడియం గట్టి వెండిరా! చిన్న రంపానికి లొంగుతదా? అసలు మన ఇంట్ల చిన్న సామాను ఎప్పుడన్న కొన్నమా?"

కొనలేదు. ఏది కొన్నా దుకాణంలో ఉన్నవాటిలో పెద్దదే కొనేవాళ్లం. దీపం పెద్దది, గంగాళం పెద్దది, తాళం పెద్దది. ఆ తాళం ఏం కాపాడిందో పైన చెప్పాను. మా వంశంలో సగంమందికి కొలతకూ గొప్పకూ తేడా తెలియదు.

నేను కడియం మీద గోటితో కొట్టి చూశాను. గట్టి వెండి అయితే సన్నగా మోగాలి. ఇది బొంగురుగా, మట్టికుండలా పలికింది. నాయనమ్మ నా ముఖంలోకి చూసింది. నేను తగిన రంపం కోసం బజారుకు బయలుదేరాను.

ఇనుప సామాను దుకాణదారు ఒకప్పుడు మా గడి మెట్ల కింద చెప్పులు విడిచి, లాడాలూ మేకులూ చూపించినవాడు. ఇప్పుడు గద్దె మీద కాలు మీద కాలు వేసుకుని, లేవకుండా పలకరించాడు.

"ఏం గావాలె?"

"పొట్టి ఫ్రేము. సన్నపళ్ల బ్లేడ్లు. వంగేటివి."

"మీ చిన్నాయన తీస్కపోయిండు గద! అది రైలు పట్టా గూడ కోస్తది."

"నేను రైలు పట్టా కోస్తలేను. అడిగింది చూపెట్టు."

"ఇంకా దొర లెక్కనే మాట్లాడుతున్నవ్. మిల్ట్రీ వచ్చింది, ఎరుక లేదా?"

"ఎరుకే. మిల్ట్రీ వచ్చినా నీ బ్లేడ్ల తుప్పు పోలే."

అతను ముతకపళ్ల బ్లేడు ఒకటి, సన్నపళ్లది ఒకటి ముందు పడేసి, రెండూ ఒకటేనన్నాడు. ఇరవై ఏళ్లు రంపాలు అమ్మినవాడు అనవలసిన మాటేనా అది? నేను అతని ఖాళీ కిరసనాయిలు డబ్బా దగ్గరికి లాక్కుని, అంచు మీద ముతకది పెట్టి తోశాను. పన్ను రేకుకు తగులుకుని, బ్లేడు ఎగిరి పక్కకు పోయింది. సన్నది పెడితే గీత పడి, ఆ గీతలోనే నడిచింది.

"అరె, నా డబ్బా!" అన్నాడు. అతనికి కనబడింది అంతే.

పలుచని లోహం మీద ఒకేసారి రెండు మూడు పళ్లు ఆనాలి. ఆనకపోతే రంపం ఎగురుతుంది. డబ్బా మీద ఎగిరితే డబ్బా పోతుంది, ముసలామె కాలి మీద ఎగిరితే ఏం పోతుందో వేరే చెప్పాలా? బాగా గట్టిపడిన బ్లేడు అయితే ఆమె ఉలిక్కిపడి కాలు కదిలించగానే విరుగుతుంది. అందుకే వంగేది. పెద్ద ఫ్రేము మంచం పట్టెకు కొట్టుకుంటుంది. అందుకే పొట్టిది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. కోయబోయేదాన్ని ముందు చూడాలి, అంతే. మా చిన్నాయన తన జన్మలో చూడనిది అదొక్కటే.

ఇంటికి వచ్చి చిన్నాయనను బయటికి పంపి తలుపు వేశాను. నర్సమ్మ పాదం పట్టుకుంది. కడియానికీ చర్మానికీ మధ్య పలుచని ఇత్తడి రేకు దూర్చాను. వేడెక్కకుండా నీటి చుక్కలు వేస్తూ మెల్లగా కోశాను. మొదట తెల్లటి రజను రాలింది. కాసేపటికే ఎర్రటి పొడి రాలింది. గదిలో లక్క వాసన లేచింది.

నర్సమ్మ తలెత్తింది. నాయనమ్మ కళ్లు మూసుకునే మాట్లాడింది.

"అవుసలోన్ని ఎందుకు వద్దన్ననో ఇప్పుడు తెల్సిందా? మీ తాతకు పేరు గావాలె, వెండేమో సాలలే. లోపట లక్క వోయించిండు. ఆ అవుసలాయనకు, నాకు తప్ప ఎవ్వనికి ఎరుక లేదు. కొత్తోడు చూస్తే పొద్దుగూకెవరకు బజారంత పాకుతది."

"నేను కాలు చూసిన గని కడియం చూడలే అమ్మా" అంది నర్సమ్మ.

తాత మీద నాకు కోపం రాలేదు. ఆ కడియాల చప్పుడు విని దారి ఇచ్చిన ఊరి మీద జాలి కూడా కలగలేదు. గట్టిదేదో బోలుదేదో చెవితో తేల్చుకోలేనివాళ్లు పక్కకు తప్పుకోవలసిందే.

రెండోవైపు కూడా కోసి ముక్కలు విడదీశాను. కడియం ఒత్తి లోతుగా పడిన గాటు చుట్టూ నర్సమ్మ వేళ్లతో ఒత్తుతూ ఉంటే, నల్లబడిన బొటనవేలు మెల్లగా ఎర్రబారింది. "కాలు దక్కింది" అంది ఆమె.

బయటి నుంచి చిన్నాయన అరిచాడు. "ఏంరా, తెగిందా? మస్తు బరువుంటది, పైలం!"

"బరువేరా, నువ్వు మొయ్యలేవు" అంది నాయనమ్మ అంతే గట్టిగా. తర్వాత ఎడమకాలు నా ముందుకు జరిపింది. "గిది గూడ కొయ్యి బిడ్డా. ఒంటి కడియం ఏస్కొని కూసుంటే మతి తప్పిందంటరు."

బ్లేడు పళ్ల నిండా లక్క పేరుకుంది. దాన్ని విప్పేసి, పళ్లు ముందుకు ఉండేలా కొత్తది బిగించి, ఇత్తడి రేకు ఎడమకాలికి మార్చాను. చిన్నాయన మళ్లీ తలుపు తట్టాడు. నేను కోయడం మొదలుపెట్టాను.