బాపమ్మ కూడా చేరిన బడి

మొన్న జూన్‌లో మనవణ్ణి చేర్పించడానికి కోడలితో కలిసి హన్మకొండ అవతల కొత్తగా కట్టిన ఒక బడికి వెళ్లాను. అద్దాల గదిలో మమ్మల్ని కూర్చోబెట్టిన ఒక అమ్మాయి, తమ దగ్గర పిల్లల మీద ఒత్తిడి ఉండదనీ, ఎవరికి ఏది ఇష్టమైతే అది, ఎప్పుడు ఇష్టమైతే అప్పుడు నేర్చుకుంటారనీ, ఇలాంటి పద్ధతి మన వరంగల్‌కు ఇదే మొదటిసారనీ ఎంతో మర్యాదగా చెప్పుకుపోతుంటే నాకు నవ్వు ఆగలేదు. కోడలు బల్ల కింద నా చెయ్యి గిల్లింది. ఆ పిల్ల చిన్నబుచ్చుకుందేమోనని, నిన్ను చూసి కాదమ్మా అని సర్దిచెప్పాను గానీ, అసలు సంగతి వినే తీరిక అక్కడ ఎవరికీ లేదు. మీరు నా ఈడు వాళ్లు కాబట్టి మీకు చెప్పొచ్చు.

మా నాన్నకు, మేం బాపు అని పిలిచేవాళ్లం, వరంగల్ బజారులో కిరాణా దుకాణం ఉండేది. ఆయన అన్న, అంటే మా పెద్దబాపు, సర్కారు బడిలో పంతులు. డెబ్బైలలో ఒకరోజు, బెత్తం పట్టుకోవడం ఇక తన వల్ల కాదని ఉద్యోగం వదిలేసి, హన్మకొండలో పశువుల కొట్టమూ జామచెట్టూ ఉన్న ఒక పెంకుటిల్లు తీసుకుని బడి పెట్టారు. బోర్డు లేదు, గంట లేదు, తరగతులు లేవు. ఆయన పొద్దున్నే అరుగు మీద కూర్చునేవారు. ఏం నేర్చుకోవాలని ఉందో పిల్లలే వచ్చి అడగాలి. అడిగితే చెప్పేవారు, తనకు తెలియకపోతే ఇద్దరం వెతుకుదాం పదమనేవారు, అడగకపోతే ఊరుకునేవారు. ఊళ్లో దానికి ‘ఆటల బడి’ అని పేరు పడిపోయింది. మామూలు బళ్లలో ఇమడని పిల్లలూ, దూరంగా ఉన్న మామూలు బడికి పంపే ధైర్యం లేని వాళ్ల పిల్లలూ కలిపి ఒక చిన్న గుంపుగా ఉండేవాళ్లం.

నేను అక్కడికి చేరడానికి కారణం ఎక్కాలు. అంతకుముందు చదివిన బడిలో ఎక్కాల గంట ఉన్న రోజు నాకు పొద్దున్నే జ్వరం వచ్చేది, నిజం జ్వరమే, ఒళ్లు కాలిపోయేది. దవాఖానకు తీసుకుపోతే ఏమీ లేదని పంపించేవారు. చివరికి మా అమ్మ, బాపు ఊళ్లో లేని రోజు చూసుకుని, నన్ను రిక్షా ఎక్కించి పెద్దబాపు దగ్గర దింపి వచ్చింది. బాపు తిరిగొచ్చాక గొడవ చేద్దామనుకున్నా, అన్న మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు.

బాపు కష్టం వేరే. దుకాణానికి వచ్చినవాళ్లు బెల్లం తూయించుకుంటూ, సావుకారీ, మీ పిల్ల ఏ క్లాసు, అని అడిగేవారు. తరగతే లేని బడికి ఏమని చెప్తారు? ఒకరికి నాలుగని చెప్పేవారు, ఇంకొకరికి ఆరని చెప్పేవారు. ఆ ఇద్దరూ ఒకరోజు ఒకేసారి దుకాణంలో కలిసి, మధ్యలో అయిదు ఏమైందని అడిగేసరికి బాపు లోపల బియ్యం బస్తాలు సర్దడానికి వెళ్లిపోయి చాలాసేపు రాలేదట.

నేనేమో మొదటి నెలంతా జామచెట్టు మీదే గడిపాను. కాయలున్నంతకాలం ఏమీ అడగబుద్ధి కాలేదు. కాయలయ్యాక కిందికి దిగితే, పక్కింటి కోడి ఒకటి మా కొట్టంలో గడ్డి మధ్య గుడ్లు పెట్టుకుని పొదుగుతూ కనిపించింది. మాది ఉల్లిపాయను కూడా ఆలోచించి తినే ఇల్లు. కోడిని అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. అది ఎందుకలా కూర్చుందని పెద్దబాపును అడిగాను. చూడు, తెలుస్తుంది, అన్నారు. చూశాను. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చిన బాపు అడిగారు.

“ఇయ్యాల ఏం నేర్చుకున్నవ్ బిడ్డా?”

“కోడి కూసున్నది బాపూ.”

మర్నాడు మళ్లీ అదే అడిగారు. ఇంకా కూసున్నది, అన్నాను. ఆ వారమంతా ఆయన అడగడమూ నేను అదే జవాబివ్వడమూ అయ్యాక, బాపు అన్నం పళ్లెం ముందు కూర్చుని మా అమ్మ వైపు ఒక చూపు చూశారు. ఆ చూపులోంచే బాపమ్మను బడికి పంపాలన్న ఉపాయం పుట్టింది.

బాపమ్మ అంటే బాపుకూ పెద్దబాపుకూ తల్లి. మా ఇంట్లోనే ఉండేది. రోజూ నాతోపాటు రిక్షాలో వెళ్లి, అక్కడ ఏం జరుగుతోందో చూసి వచ్చి చెప్పమని బాపు ఆమెను బతిమాలారు. పెద్దకొడుకు మీద చిన్నకొడుక్కి కబుర్లు మోయడం ఆమెకు మొదట ఇష్టం లేదు గానీ, రోజూ రిక్షా ఎక్కొచ్చన్న ఆశకు ఒప్పుకుంది. మొదట్లో పనిని శ్రద్ధగానే చేసింది. పిల్ల కోడి దగ్గర కూసుంటాంది, ఒకడు కప్పను పట్టుకొచ్చిండు, ఇంకొకడు పొద్దంతా పండుకున్నడు, నీ అన్న వాన్ని లేపుతలేడు, అని వివరంగా చెప్పేది.

ఒక పొద్దున పెద్దబాపు, అందరినీ అడిగినట్టే, నీకేమైనా నేర్చుకోవాలని ఉందా అమ్మా, అని అడిగారు. ఈ వయసులో నా మొకం, అని బాపమ్మ కసురుకుంది. నాలుగు రోజులు పోయాక, నేను వింటున్నానని తెలియక కాబోలు, మెల్లగా ఆయన పక్కన చేరి, బస్సు ముందట ఏం రాసి ఉంటదో చదవడం ఎట్లరా, అని అడిగింది.

దాని వెనక ఒక కథ ఉంది. ములుగులో బాపమ్మకు ఒకే ఒక్క చెల్లెలు. ఒకసారి ఒక్కతే చెల్లెల్ని చూడబోయి, బస్టాండులో ఎవరో చూపించిన బస్సెక్కి వర్ధన్నపేటలో దిగింది. అది ములుగు కాదని తెలిసేసరికి మధ్యాహ్నం దాటింది, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అప్పటినుంచి కొడుకుల్లో ఒకరికి తీరికైతే తప్ప చెల్లెలి మొహం చూసే వీలు లేకపోయింది. దుకాణానికి తీరికెక్కడిది?

పెద్దబాపు అ ఆ లు మొదలుపెట్టలేదు. ఆమె అడిగింది ములుగు కాబట్టి ములుగే నేర్పారు. అందులో మూడక్షరాలకూ కొమ్ములే కదా. అందువల్ల బాపమ్మకు అక్షరమంటే కొమ్ముతోనే పుడుతుందన్న నమ్మకం కుదిరిపోయింది. పలక మీద ‘కమల’ రాయమంటే ‘కుములు’ అని రాసి, సరిగ్గానే ఉంది కదా అని వాదించేది. పెద్దబాపు కాదనలేదు. కొన్నాళ్లకు తనే గోడమీది సబ్బు ప్రకటన చూసి, వీడు కొమ్ములన్నీ మింగిండు, అని నవ్వి, తన తప్పు తనే దిద్దుకుంది. వర్ధన్నపేటకు వచ్చేసరికి ఆ ‘ర్ధ’ దగ్గర చాలా రోజులు ఆగిపోయి, ఆ ఊరు అప్పుడూ ఇప్పుడూ తనను ఏడిపిస్తూనే ఉందని తిట్టుకుంది.

ఇంట్లో కబుర్లు మాత్రం ఆగిపోయాయి. పిల్లకు ఏమొచ్చింది అమ్మా అని బాపు అడిగితే, వచ్చినప్పుడే వస్తది, నీకెందుకు ఫికర్, అని పెద్దబాపు మాటే అప్పజెప్పేది. నేను ప్రైవేటుగా రాయాల్సిన ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష ఎంతో దూరం లేదు. ఒకరోజు బాపు దుకాణం మూసేసి, వ్యాపారం రోజున దుకాణం మూయడం మేమెప్పుడూ చూడలేదు, సైకిలు మీద నేరుగా బడికి వచ్చారు. కొట్టంలోకి తొంగిచూశారు, పిల్లలు కప్పలు వేసిన నీళ్ల గోళెం చూశారు, అరుగు దగ్గర చెప్పులు కూడా విడవకుండా నిలబడ్డారు.

“అన్నా, జర ఆలోచించు. బజార్ల తలెత్తుకోలేకపోతున్న. పిల్లను తీస్కపోత.”

“తీస్కపో. ఒక్కమాట దాన్ని కూడా అడుగు,” అన్నారు పెద్దబాపు.

బాపు నా వైపు తిరిగారు. నాకు వెళ్లాలని లేదు, కానీ ఉంటానని చెప్పడానికీ ధైర్యం చాలలేదు, ఎందుకంటే ఆయన భయం అబద్ధం కాదు. అక్కడికొచ్చి ఏడాదైనా ఒక పేజీ తడబడకుండా చదవలేను. నేలచూపులు చూస్తూ నిలబడితే, స్తంభానికి ఆనుకుని పలక మీద రాసుకుంటున్న బాపమ్మ తలెత్తకుండానే అంది.

“తీస్కపోతె తీస్కపో రా. నేనైతే రాను. నాకింక ఒత్తులు కాలే.”

పిల్లను ఇంటికి తెచ్చి తల్లిని బడిలో వదిలేసి వస్తే బజారులో చెప్పుకోవాల్సింది ఇంకా పెద్దదవుతుందని బాపుకు తోచి ఉంటుంది. పెద్దబాపు భార్య, మా పెద్దమ్మ, తెచ్చిచ్చిన మజ్జిగ తాగి, చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుని, సరే దసరా దాకా చూద్దాం, అన్నారు.

ఆ సాయంత్రం రిక్షాలో బాపమ్మ దారి పొడుగునా దుకాణాల బోర్డులు చదువుతూ వచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఆమె పూర్తిచేసేలోపు రిక్షా మూడు దుకాణాలు దాటేది, అయినా వెనక్కి తిరిగి మరీ పూర్తిచేసేది. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు వెళ్లగానే నాకు చదవడం నేర్పమని పెద్దబాపును అడిగాను. ఆయన నవ్వలేదు, ఇన్నాళ్లకు అడిగావా అనలేదు. జరిగి పక్కన చోటిచ్చారు. దసరా నాటికి నేను బాపమ్మను దాటిపోయాను, ఎక్కాలు కూడా జ్వరం లేకుండా వచ్చాయి.

బాపమ్మ మాత్రం సెలవుల్లో దుకాణం మీద పడింది. ఆ రోజుల్లో సరుకు పాత పేపర్లలోనే కట్టేవాళ్లం కదా. తను చదవనిదే ఏ కాగితాన్నీ పొట్లం కట్టనిచ్చేది కాదు. చింతపండు కోసం వచ్చినావిడ నిలబడే ఉండేది, బాపమ్మ ఎక్కడో ఎప్పుడో జరిగిన అగ్నిప్రమాదం గురించి గట్టిగా చదివి, లోపలివాళ్లు బయటపడ్డారా లేదా అని కంగారుగా మిగతా ముక్క కోసం వెతికేది. ఆ ముక్క అప్పటికే పెసరపప్పుతోపాటు ఎవరింటికో వెళ్లిపోయి ఉండేది. చింతపండు ఆవిడ కూడా వాళ్లేమయ్యారో తెలియక దిగులుగా వెళ్లేది.

సంక్రాంతి దాటాక బాపమ్మ ఒక్కతే ములుగు బయల్దేరింది. ఎవరూ వెంట రావద్దంది. బాపు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని ముందే బస్టాండుకు వెళ్లి, అరటిపళ్ల బండి వెనక నక్కారు. బాపమ్మ ఒక బస్సు ముందు నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఆమె ‘గు’ దాకా వచ్చేలోపు అది కదిలి వెళ్లిపోయింది. రెండో బస్సు వచ్చాక దానికి సరిగ్గా ఎదురుగా నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆగు కొడుకా, చదవనీ, అని నిదానంగా మూడక్షరాలూ చదివి, కొమ్ములు సరిచూసుకుని, ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరుగుతుండగా మేం నక్కిన బండి వైపు తల బయటపెట్టి, దుకాణం తెరువుపో, అని కేకేసింది. బాపు కండువాతో మొహం తుడుచుకున్నారు. దుమ్ము అన్నారు.

ఆ తర్వాత ఎవరైనా పిల్ల ఏ క్లాసని అడిగితే, అది తెల్వదు గానీ మా అమ్మ ఒత్తులు అయిపోగొట్టింది, అని బాపే నవ్వుతూ చెప్పేవారు.

నా పరీక్ష సంగతి కూడా చెప్పాలి. సైన్సు పరీక్షలో పక్షుల మీద ఒక ప్రశ్న వచ్చింది. నచ్చిన ప్రశ్న కదా అని ఉన్న సమయమంతా దానికే రాశాను, అదనపు కాగితాలు కూడా తీసుకున్నాను. మిగతా ప్రశ్నలు ముట్టుకోలేదు. సైన్సు తప్ప అన్నీ పాసయ్యాను. మళ్లీ రాసి గట్టెక్కి, మామూలు హైస్కూల్లో చేరి, అందరిలాగే చదువుకుని, పోస్టాఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. బాపమ్మ తన చివరి సంవత్సరాల్లో చెల్లెలి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లొచ్చిందో మేమెవరమూ లెక్కపెట్టలేదు.

ఎనభైలలో ఇంగ్లీషు మీడియం బళ్ల ఆటోలు సందుసందుకూ తిరగడం మొదలైంది. పెద్దబాపు దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గుతూ తగ్గుతూ, ఒక జూన్‌లో ఎవరూ రాలేదు. ఆ ఏడాది నేను సెలవు పెట్టి చూడ్డానికి వెళితే, ఆయన అలవాటు ప్రకారం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. పిల్లలు లేరు కదా పెద్దబాపూ అంటే, ఇంకా పొద్దుంది కదా, అన్నారు.

ఇప్పటి పిల్లలకు నేర్పేవాళ్లు ఎంతమందో. ఫోన్లోనూ నేర్పుతున్నారు, ఆదివారం కూడా నేర్పుతున్నారు, అడగకముందే నేర్పేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టను, ఆ పిల్లలు మాకంటే ఎన్నో తెలిసినవాళ్లు. కానీ ఒక పిల్ల ఏడాదిపాటు కోడి సంగతి తప్ప ఏమీ అడగకపోయినా, కోపం లేకుండా, దిగులు లేకుండా, రోజూ పొద్దున్నే ఉతికిన చొక్కాతో వచ్చి కూర్చునే మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని ఆ పెంకుటిల్లున్న దారిన వెళ్లినప్పుడల్లా అరుగుల వైపు చూస్తాను. అరుగులే లేవు.