మా తాడు వద్దన్న మైదానం

మొన్న ముత్తుకూరు రోడ్డులో ఏదో సభకు జనాన్ని ఆపడానికి సరుగుడు కర్రలతో కంచె కడుతున్నారు. చెక్కు తీసిన పచ్చికర్ర వాసన తగలగానే, బస్సు దిగినదాన్ని దిగినట్టే నిలబడిపోయాను. నలభై దాటినదాన్ని, పదిమందిలో ఏడ్చాను.

మా పాళెం మైపాడుకు దక్షిణాన ఉంది. ఎండాకాలంలో వేట ఆపేయగానే పడవలు ఇసుక మీదికెక్కేవి, మగవాళ్ల చేతులకు పని ఉండేది కాదు, ఇక చుట్టుపక్కల పాళేలన్నిటికీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టేది. పొద్దు వాలి ఇసుక చల్లబడేసరికి, మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన ఇంకా వేళ్లకుండగానే, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు, తాటిముంజలు ఒళ్లో పోసుకుని ఆడామగా చేరేవాళ్లం. ఆట మొదలైతే చూసేవాళ్లందరూ గీత చుట్టూ పాత వలతాడును రెండు చేతులా పట్టుకుని నిలబడాలి. అదే మా కంచె, మేమే మా పోలీసులం. చేతులు ఖాళీ ఉండవు గనక గోలు పడితే చప్పట్లుండవు, కేకలే. వెనకనుంచి తోపులాట ఎక్కువైతే పెద్దవాళ్లెవరో "వదలండి" అనేవాళ్లు, తాడు కింద పడేది, ముందువాళ్లు నాలుగడుగులు లోపలికి పోయి ఊపిరి పీల్చుకుని మళ్లీ వెనక్కి వచ్చేవాళ్లు. మా అక్క కేకకు బంతే దారి తప్పుతుందని నాన్న ఎగతాళి చేసేవాడు. అక్కకు పన్నెండేళ్లు, నాకు ఏడు.

ఆ ఏడు మా జట్టు ఫైనల్‌కు వచ్చింది. ఫైనల్ పట్నంలో. పాళెమంతా ట్రాక్టర్లెక్కింది. నాన్న అలవాటుగా తాడు చుట్ట భుజాన వేసుకొచ్చాడు. మైదానం గేటు దగ్గర పోలీసాయన దాన్ని లాఠీతో పొడిచి చూశాడు.

"ఇదెందుకురా?"

"పట్టుకునేదానికి సార్. జనం మీద పడకుండా."

"దానికి మేం ఉండాం. అవతల పడెయ్."

కుర్చీలవాళ్లకు ఒక గేటు, మాకు వేరే గేటు. గొర్రెల్ని తోలినట్టు మమ్మల్ని సరుగుడు కంచె వెనక్కి తోలారు. నాన్న, అక్క, నేను ముందు వరసలో నిలబడ్డాం.

తొలి గోలు మాదే. వెనకనున్నవాళ్లంతా ఒక్కసారిగా ముందుకొచ్చారు. "వదలండి" అని ఎవరో అరిచారు. వదలడానికి ఏముంది? కర్రలు కదల్లేదు. నాకు ఊపిరాడలేదు. నాన్న నన్నెత్తి అవతల వేసి, అక్క కోసం వంగాడు. అప్పటికే జనం లోపలికి దూకుతున్నారనుకుని పోలీసులు పరిగెత్తుకొచ్చి, కంచె మీదున్న చేతులన్నిటినీ కొట్టారు. నాన్న చేతుల్నీ కొట్టారు.

"పిల్ల ఉంది సార్, కొట్టబాకండి, పిల్ల ఉంది," అంటూనే ఉన్నాడు. అక్క కర్రల సందులోంచి నన్నే చూసింది. అంత గొంతున్న పిల్ల నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు.

అక్క అక్కడే పోయింది. పొద్దున వెళ్లిన ట్రాక్టర్‌లోనే ఇంటికి తెచ్చుకున్నాం. తప్పు జనానిదేనని పోలీసులు రాసుకున్నారు.

ఇప్పుడు పాళెంలో ఫుట్‌బాల్ ఎవరూ ఆడరు. పక్కవాళ్లను నమ్మి జనంలో నిలబడడం మాకు పోయింది. నా పిల్లల్ని నేనే తిరునాళ్లకు పంపను. ముందు నన్నే ఎందుకెత్తావని నాన్నను ఎన్నడూ అడగలేదు. పోయే ముందు ఆయనే చెప్పాడు.

"నువ్వు చిన్నదానివమ్మణ్ణీ. పెద్దది కొంచేపు ఓర్చుకుంటదనుకున్నా."

ఓర్చుకునేదే. నాన్న చేతుల్ని ఒక్క నిమిషం కొట్టకుండా ఉంటే.