కూళు అంటేనే పోస్త

సూర్యాపేట బస్సు మిర్యాలగూడ పొలిమేర తాకగానే మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన కిటికీల్లోంచి దూరుతుంది. పక్క సీట్లవాళ్లు కొంగులూ కర్చీఫులూ ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు, నేను మాత్రం ఊపిరితిత్తులకూ కలిపి టికెట్ తీసుకున్నట్టు అద్దం ఇంకాస్త జరిపి నిండా పీల్చుకుంటాను.

మా నాయన తమిళనాడు నుంచి ఇక్కడి మిల్లులో బాయిలర్ చూసుకోడానికి వచ్చి, పెన్‌పహాడ్ పిల్లను చేసుకుని, మిల్లు వెనక రేకుల ఇంట్లో కాపురం పెట్టాడు. వెంట వాళ్లమ్మ, మా పాట్టి, జాడీడు చల్ల మిరపకాయలతో వచ్చింది. ఊరంతా ఉడకబెట్టి, ఆరబెట్టి, ఆడించి అరవదేశానికి వ్యాగన్లకెత్తే ఉప్పుడు బియ్యాన్ని ఊళ్లో తినేది మా ఇల్లొక్కటే. బడిలో నా డబ్బా మూత తీస్తే "వ్యాగన్ బియ్యమొచ్చింది, జరుగుండ్రి" అని పిల్లలు దూరం జరిగేవాళ్లు. నాకు చోటు కలిసొచ్చేదనుకోండి, కానీ కళ్లనీళ్లు కలుపుకుని తినడంతో ఉప్పుడు బియ్యానికి ఆ పేరెందుకొచ్చిందో నాకు అందరికంటే ముందే తెలిసింది.

మన ఆషాఢం పాట్టికి ఆడి మాసం. రాగిపిండి పులియబెట్టి, ఉప్పుడు నూకలు ఉడికించి, రెండూ కలియదిప్పి రాత్రంతా కుండలో ఉంచి, పొద్దున్నే మజ్జిగ, ఉప్పు, చిన్న ఉల్లిగడ్డలు వేసి పలచన చేసేది. అది కూళు, అమ్మవారి పేరు మీద దారినపోయేవాళ్లకు పోసేది. మొక్కేమిటంటే, పరాయివాళ్లు తాగేదాకా తాను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. మొదటి ఏడాది ఆ వాసనకు ఎవరూ గడప దగ్గరికి రాలేదు. కుండ బర్రెల కుడితిలోకి పోయింది, పాట్టి ఆ రోజంతా ఎండిపోయి కూర్చుంది.

అందుకే మరుసటేడు, మధ్యాహ్నం మిల్లు గేటు తీయగానే నేను ఎదురెళ్లి, "మామూలు అంబలే, రండి" అని అందరికీ అబద్ధం చెప్పాను. గిన్నెలు పట్టుకుని పదిమంది లైను కట్టారు. మొదటాయన "పొయ్యవ్వా అంబలి" అన్నాడు. పాట్టి గరిటె ఆగిపోయింది. ఆమె తెలుగులో 'కాదు' లేదు, అన్నిటికీ 'లేదు' ఒక్కటే.

"అంబలి లేదు. కూళు. మీ మిల్లు బియ్యమే. కూళు అంటేనే పోస్త."

నా వైపు చూసిన చూపుకు నేను కుండ వెనక కుండనైపోయాను. గిన్నెలు ఒక్కొక్కటే వెనక్కి మళ్లాయి. పాట్టి పెదాలు పొద్దుటి నుంచీ ఎండి ఉన్నాయి, అయినా గరిటె దించలేదు.

అప్పుడు మిల్లు కళ్లంలో ఆరబోసిన వడ్లు కాళ్లతో తిరగదోసే యాదమ్మ ముందుకొచ్చింది. "పొద్దుగాల్నుంచి తొక్కుడే కదనే ఈ వడ్లు! కాళ్లకు లేని రోత నోటికెందుకు? గా కూళే పొయ్యి అవ్వా." గటగటా తాగి, మూతి తుడుచుకుని, మళ్లిపోతున్నవాళ్ల వైపు తిరిగింది. "పులుపు మంచిగుంది. రాండ్రి, సస్తలేను సూడుండ్రి!"

ఆ ఏడు ఏడుగురే తాగారు. ఏడుగురూ 'కూళు' అనే అడిగారు. పాట్టి చివరి గ్లాసు తాను పోసుకుని, అందరూ నంజుకోగా మిగిలిన చల్ల మిరపకాయ నా చేతిలో పెట్టింది, శిక్షో క్షమో తెలియనంత కారంగా.

ఇప్పుడు ఆ రేకుల ఇల్లు లేదు. కళ్లాలు పోయి డ్రయ్యర్లొచ్చాయి, వడ్లను కాళ్లతో ఎరిగినవాళ్లు లేరు. పాట్టీ లేదు, యాదమ్మా లేదు. మొన్న ఆషాఢంలో సూర్యాపేటలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నేను కుండ పెట్టాను. సెక్రెటరీ గారు తొంగిచూసి, "మేడం, రాగిజావ అని బోర్డు పెట్టరాదుండ్రి, షుగరున్నోళ్లంత దిగొస్తరు" అన్నారు. మంచి సలహానే, షుగర్ నాకూ ఉంది.

"కూళు సార్. కూళు అంటేనే పోస్త."

ఆయన నవ్వి లిఫ్టెక్కారు. ఎండ ఎక్కింది. నా నోరెండింది. కుండ నిండుగానే ఉంది, నేను గరిటె దించలేదు.