హద్దు దాటని విషం

మా మరిది కాఫీ గింజలు వేయించి, పొడి పట్టి అమ్ముతాడు. వీధిలో అందరికీ అతను మాడు మామ. గింజ నల్లబడి, కొట్టంతా పొగ కమ్మితే తప్ప పొయ్యి ఆర్పడు. "ఇది కాఫీయా, కుంపట్లో బొగ్గా?" అని ఎవరైనా అంటే, "నీ నాలుక్కి రుచి తెలీదు, పో" అంటూనే పొట్లం చేతిలో పెడతాడు. కొట్టు పెట్టుకున్న మనిషికి ఉండాల్సిన మెత్తదనం దేవుడు ఇతనికి ఇవ్వలేదు.

ఈ మధ్య మాడిన కాఫీలో ఏదో రసాయనం ఉందని ఫోన్లలో పుకారు లేచింది. గిరాకీ తగ్గింది. మరిదికి రోషం వచ్చి తన పొడిని తానే పరీక్షకు ఇచ్చాడు. పరీక్ష చేసిన అమ్మాయి కొట్టుకు వచ్చి ఓపిగ్గా చెప్పింది.

"గింజ వేగితే ఆ రసాయనం కొంచెం పుడుతుంది బాబాయ్. ఎవరు వేయించినా అంతే. మీ పొడిలో హద్దు దాటలేదు. రోజంతా అదే పనిగా తాగకపోతే చాలు."

"అంటే నేను గెలిచినట్టేగా?"

"ఇందులో గెలవడాలేం ఉండవు బాబాయ్."

ఆ మాట అతని చెవిన పడితేగా! మర్నాడు కొట్టు ముందు నల్లబల్ల మీద సుద్దతో రాసిపెట్టాడు: "మా పొడిలో విషం హద్దు దాటలేదు."

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా కూడబలుక్కుని చదివేసరికి ఒళ్లు మండింది.

"విషం అని ఎవరు రాయమన్నారయ్యా?"

"రసాయనమంటే జనానికి అర్థం కాదు వదినా."

"ఇప్పుడు బాగా అర్థమైంది. ఒక్కడూ గుమ్మం తొక్కట్లేదు."

నోట్లోంచి సిగరెట్టు తియ్యని మంగలి కూడా ముక్కు మూసుకుని వీధికి అటువైపున నడిచాడు. వాడి ఊపిరితిత్తులకు కాఫీ అంటే భయమట!

"ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందే. తుడిచెయ్" అన్నాను.

"నిజం రాస్తే తప్పా?"

"తప్పు కాదు, కానీ దిష్టిబొమ్మలా నిలబెట్టావు. వచ్చినవాడికి నోటితో చెప్పుకో."

అతను కదలలేదు. నేనే తడిగుడ్డతో తుడిచేశాను. మూతి ముడుచుకున్నాడు గానీ, నా మాట మాత్రం అక్షరాలా పాటించాడు. వచ్చిన ప్రతివాడికీ పొట్లం కట్టే ముందు, "ఇందులో కొంచెం రసాయనం ఉంది. హద్దులోనే ఉంది. ఇష్టమైతేనే తీసుకో" అని అప్పజెప్పడం మొదలెట్టాడు. నేను పళ్లు నూరుకున్నాను.

చివరికి మంగలి కూడా వచ్చి, పావుకిలో అడిగి, అంతా విన్నాడు.

"హద్దు దాకా ఇంకా చోటుందా మామా?"

"బోలెడుంది."

"అయితే ఇంకో పావుకిలో కట్టు."

మరిది నావైపు గర్వంగా చూశాడు. ఇద్దరిలో ముందు ఎవరికి మొట్టికాయ వెయ్యాలో తేలక, పొట్లం నేనే కట్టాను.