ఉన్నిచెడి పొదలోకి వెళ్లిన మునెమ్మ

2022లో, రాగి కోతలకు ముందు. కర్ణాటక సరిహద్దులో, జవళగిరి పక్కన ఒక ఊరి మేత బీడులో లాంటానా అనే ముళ్లపొదను తీయించే పనికి నేను సూపర్‌వైజర్‌ని. ఇక్కడివాళ్లు దాన్ని ఉన్నిచెడి అంటారు. పశువులు తిరిగే నేలలో గడ్డిపోచ మొలవనివ్వకుండా, మనిషికి మించిన ఎత్తున అల్లుకుపోయింది. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. అందుకే మేము ‘కట్ రూట్‌స్టాక్’ చేస్తాం. అంటే నేల లోపల వేరు మొదలు నరికి, మొక్కను తలకిందులుగా పడేయడం. ముందు బ్రష్ కట్టర్‌తో, అంటే భుజానికి తగిలించుకునే కోత మిషన్‌తో దారి చేసుకుంటాం. ఎప్పుడూ ఊరి వైపు మొదలుపెట్టి అడవి వైపు పోతాం. లోపల ఏదైనా ఉంటే దానికి పోయే దారి ఉండాలి కదా. ఏనుగులు కర్ణాటక వైపు దాటిపోయాయని ఊళ్లో అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. నేను మొదటినుంచీ పిరికివాణ్ణే, ఈ పనిలో అది దాచుకోవలసిన సంగతి కాదు.

ఆ పొద్దున కూలికి వచ్చిన మునెమ్మకు పని మీద ధ్యాస లేదు. నిండు చూలుతో ఉన్న ఆమె ఆవు తెల్లారినప్పటి నుంచి కనబడలేదు. ఆమెకున్నది ఆ ఒక్క ఆవే. మిషన్ ఆపి నీళ్లు తాగుతుంటే పొద లోపల కొమ్మలు కదిలాయి.

“నా ఆవే సార్. ఈనేదానికి ఆడ దూరింది,” అంది.

“గంట మోగలేదే మునెమ్మా?”

“పండుకోనుంటే గంట యాడ మోగుతుంది?”

నేను ఆగమనేలోపే, అడవిపందులు చేసిన సందులోకి వంగి దూరింది. “బా, బా” అని ఆవును పిలిచే గొంతు లోపలికి పోయేకొద్దీ సన్నబడింది.

అప్పుడు మా వెనక గంట మోగింది. తిరిగి చూస్తే వంక గట్టు మీద ఆమె ఎర్రావు నింపాదిగా నడిచి వస్తోంది. వెనకే ఒళ్లు ఆరని దూడ తూలుతూ వస్తోంది. పొద లోపల కొమ్మలు మాత్రం ఇంకా విరుగుతూనే ఉన్నాయి.

మిషన్ నడిపే బసప్ప కేక వేయబోతే అతని నోరు మూశాను. అరిచినా, మిషన్ వేసినా లోపలున్నది ఎటు తిరుగుతుందో తెలియదు. ఆవు మెడలో గంట పట్టుకున్నాను. ఆగకుండా ఊపాను. తన ఆవు గంట బయట వినబడితే, లోపలిది వేరేదని మునెమ్మకు తెలియాలి. అదొక్కటే నా ఆశ.

లోపల పిలుపు ఆగిపోయింది. ఎంతసేపటికో సందులో ముందు పాదాలు కనబడ్డాయి. తిరగడానికి చోటు లేక వెనక్కి పాకుతూ వచ్చింది. చీర చిరిగింది, మోచేతులు గీరుకుపోయాయి. ఆమెను గట్టు ఎక్కించాక, అవతలి వైపు పొద చీల్చుకుని ఒంటి ఏనుగు అడవిలోకి వెళ్లిపోయింది.

మునెమ్మ దూడను ఒళ్లో పెట్టుకుంది.

“ఊపిరి ఇనిపించింది సార్,” అంది. “ఆవు నొప్పులు పడతా ఉండాదనుకొని చేయి చాపినాను. అబుడే నా ఎనక గంట మోగింది.”

“చేతికి తగిలిందా?”

“గాలి తగిలింది. వెచ్చగా.”

ఇప్పుడు ఏ బీడుకు పోయినా, ఊళ్లో పశువులన్నీ కనబడ్డాకే మిషన్ వేయిస్తాను. ఒక్కటి కనబడకపోయినా ఆ రోజు పని లేదు. పని సాగడం లేదని కసిరేవాళ్లున్నారు, కసరనీ. పశువును వెతుక్కునే మనిషి నేను ఆగమనేదాకా ఆగదని ఆ రోజు చూశాను.